ఔటర్ నుంచి ఔటర్ దాకా

సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం రాత్రి. రాజమండ్రి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ముగ్గురం కూర్చున్నాం. మా అమ్మాయి హైదరాబాదు తిరిగి వెళ్తోంది. పండక్కి వచ్చిన జనమంతా ఒక్కసారే వెనక్కి మళ్లినట్టుంది, కాలు పెట్టే చోటు లేదు. జంతికల డబ్బాలు, అరిసెల సంచులు, నిద్రకి తూగుతున్న పిల్లలు. గౌతమి ఎక్స్‌ప్రెస్ గంటన్నర ఆలస్యమని మైకులో చెప్పారు.

మా అన్నయ్య ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేశాడు. అందులో ఎక్కువ కాలం డెల్టాలోని చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగానే గడిచింది. మా అమ్మాయి ఉండేది చైతన్యపురిలో, ఉద్యోగం రాయదుర్గంలో. రోజూ మెట్రోలో వెళ్లొస్తుంది. స్టేషను అన్న మాటకి ఇద్దరికీ రెండు అర్థాలు. ఆ రాత్రి బండి వచ్చేదాకా వాళ్లు వాదించుకున్నది, మధ్యలో కూర్చుని విన్నవాడిగా, ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్య: మంచిదేలే అమ్మలూ, గంటన్నర కలిసొచ్చింది. నాలుగు రోజులున్నావన్న మాటేగానీ నాతో స్థిమితంగా కూర్చున్నది లేదు. బండి ఆలస్యమైతేగానీ మనుషులు మాట్లాడుకోరు.

అమ్మాయి: మీకలాగే ఉంటుంది పెదనాన్నా. రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి నేను ఆఫీసులో ఉండాలి. మా మెట్రోలో చెప్పిన టైముకి ఐదు నిమిషాలు దాటితే చాలు, అందరూ తలలెత్తి బోర్డు వంక చూస్తారు.

అన్నయ్య: పోయినేడాది మీ ఇంటికొచ్చినప్పుడు చూశాగా. గేటు దగ్గర కార్డు పెట్టాలి, తలుపు తెరుచుకుంటుంది. పైకెళ్తే గీత వెనక నిలబడమంటారు. బండి వచ్చింది, అర నిమిషం కూడా ఆగిందో లేదో! మీ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి లాగాను. నా సర్వీసులో ముసలావిడ మెట్టెక్కేదాకా గార్డు పచ్చజెండా ఊపేవాడు కాదు. మీది బండి ఎక్కే చోటు. స్టేషను అనడానికి నాకు నోరు రాదు.

అమ్మాయి: మరి మీ లెక్కలో స్టేషనంటే ఏంటి?

అన్నయ్య: ఊరికి అరుగు. ప్రయాణం లేనివాళ్లు కూడా వచ్చి కూర్చునే చోటు. నా స్టేషన్లో రావిచెట్టు కింద సిమెంటు బల్ల ఉండేది. సాయంత్రం బండి టైముకి ఊళ్లోంచి పదిమంది వచ్చేవారు. ఎవరు దిగారో, ఎవరింటికి చుట్టాలొచ్చారో, కాలవకి నీళ్లు ఎప్పుడు వదుల్తారో, అన్నీ అక్కడే తెలిసేవి. వేసవిలో కుండలో నీళ్లు పెట్టేవాళ్లం. బండి వస్తోందంటే వేలాడదీసిన పట్టా ముక్క మీద గంట కొట్టేవాళ్లం. ఆ చప్పుడు విని పొలంలో ఉన్నవాడు టైము చెప్పేవాడు.

అమ్మాయి: ఆ అరుగు మీద ఆడవాళ్లు ఎంతమంది కూర్చునేవారు పెదనాన్నా?

అన్నయ్య: ...ఎందుకు కూర్చోలేదు? ఒకావిడ సంగతి చెప్తాను విను. నరసాపురం లైను మీద చిన్న స్టేషన్లో చేసేవాణ్ని. రాత్రి ఆఖరి పాసింజరు వెళ్లిపోయాక, చంటివాణ్ని ఎత్తుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. రేవు దగ్గర పంటు ఆలస్యమైందిట. పుట్టింట్లో తండ్రికి బాగా లేదని కబురు. మళ్లీ బండి తెల్లారికే. వెయిటింగ్ రూము తలుపు తీశాను. మీ పెద్దమ్మ క్వార్టర్సు నుంచి పెరుగన్నం పట్టుకొచ్చింది. మా పోర్టరు ఆ గది గుమ్మానికి అడ్డంగా పక్కేసుకుని పడుకున్నాడు. పొద్దున్నే మొదటి బండెక్కి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టింది. మీ యాభై ఏడు మెట్రో స్టేషన్లలో ఏ ఒక్కటైనా ఒక ఆడకూతురికి రాత్రిపూట అన్నం పెట్టిందా?

అమ్మాయి: లేదు, పెట్టలేదు. ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. ఆవిడకి ఆ రాత్రి ఇంకో బండి ఉంటే?

(అన్నయ్య వెంటనే జవాబు చెప్పలేదు. పక్క ప్లాట్‌ఫారం మీదికి గూడ్సు వచ్చింది. అది వెళ్లేదాకా దాని వంకే చూశాడు.)

అమ్మాయి: మీ మంచితనం చిన్నదని కాదు పెదనాన్నా. పెద్దమ్మ పెరుగన్నం, పోర్టరు కాపలా చిన్నవని అసలే కాదు. ఆవిడకి ఆ రాత్రి కావలసింది మాత్రం అన్నం కాదు, బండి. తండ్రి మంచం మీదున్నాడు, ఆవిడేమో బల్ల మీద కూర్చుంది. ఎదురుచూడటం మీకు బల్లగా, రావిచెట్టుగా గుర్తుంది. ఎదురుచూసినవాళ్లకి అది గుర్తుండిపోయిన తీరు వేరు. రెండు పూటలా ఒక్కొక్క బండి ఉన్న చోట జనం కలుసుకోక ఏం చేస్తారు?

అన్నయ్య: వేడిగానే అంటున్నావు. సరే, నీ మెట్రో గొప్పేంటో చెప్పు.

అమ్మాయి: 2016లో కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట హాస్టల్లో దిగాను. మన గోదావరి జిల్లాల పిల్లలు సగం మంది అక్కడే దిగేవారు కదా. అప్పటికి స్తంభాలు లేచి ఉన్నాయి, రోడ్డు సగం రేకులతో కప్పేసి ఉంది. మరుసటి ఏడు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. షేర్ ఆటోలో ఆరో మనిషిగా అంచున కూర్చుని వెళ్లేదాన్ని. బస్సు కోసం చీకట్లో నిలబడితే, పక్కన బైకు ఆగిన ప్రతిసారీ గుండె ఒక్క క్షణం ఆగేది. 2017 నవంబరు 29న మియాపూర్ నుంచి నాగోల్ దాకా బళ్లు జనానికి మొదలయ్యాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దారి, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది. అప్పుడే చైతన్యపురికి మారాను. ఊరికి ఆ చివరా ఈ చివరా! ట్రాఫిక్ ఉన్న రోజు రోడ్డు మీద రెండు గంటలు పట్టేది ఇప్పుడు గంటలో అవుతోంది. రాత్రి పదింటికి అమీర్‌పేటలో నిలబడినా వెలుతురు ఉంటుంది, కెమెరా ఉంటుంది, కాపలా ఉంటుంది. నేను ఎవరి దయ మీదా ఆధారపడక్కర్లేదు. మీ పోర్టరు అంత మంచివాడు దొరకాలని దేవుడికి మొక్కక్కర్లేదు.

అన్నయ్య: దయ అంటే అంత చులకనా?

అమ్మాయి: చులకన కాదు. దయ దొరికిన రోజు అదృష్టం, దొరకని రోజు భయం. రోజూ ఇల్లు కదిలేవాళ్లకి అదృష్టం మీద బతుకు నడవదు. పెద్దమ్మ మోకాళ్ల సంగతే చూడండి. రోడ్డు మీంచి లిఫ్టులో పైకొచ్చింది, లిఫ్టులోనే దిగింది. మన చిన్న స్టేషన్లలో వంతెన మెట్లెక్కలేక పట్టాలు దాటేవాళ్లు ఎంతమంది?

అన్నయ్య: అదొక్కటి నిజం. నా సర్వీసంతా నిద్రలో కూడా వెంటాడిన భయం అదే. గూడ్సు వస్తుంటే తట్టలెత్తుకుని పట్టాలు దాటే ఆడవాళ్లు. అరిచేవాణ్ని, తిట్టేవాణ్ని. ఆ వంతెన వాళ్లకోసం కట్టింది కాదని అప్పట్లో తోచలేదు. లిఫ్టు సంగతి ఒప్పుకున్నాను, రాసుకో. పేర్ల సంగతేంటి మరి? మా లైను మీద కడియం, ద్వారపూడి, అనపర్తి, కొవ్వూరు, నిడదవోలు అంటే ఊళ్లు. బోర్డు చదివితే ఊరి వాసన వస్తుంది. కడియం అంటే పూలతోటలు. మీవేమో జేఎన్‌టీయూ కాలేజ్, ఈఎస్ఐ హాస్పిటల్, ఎన్‌జీఆర్ఐ, అసెంబ్లీ. ఆఫీసుల చిరునామాలు చదివినట్టుంటుంది.

అమ్మాయి: మీరు ఆఫీసుల పేర్లే ఏరుకున్నారు. మిగతావి నేను చెప్తాను. లక్డీకాపూల్ అంటే చెక్క వంతెన. ఆ చెక్క ఎప్పుడో పోయింది, పేరు మాత్రం ఇనుప బండి మీద రోజూ వెళ్తోంది. ఇర్రమ్ మంజిల్ ఒక నవాబు మహలు పేరు. ప్యారడైజ్ ఒక సినిమా హాలు పేరు. హాలు పోయి బిర్యానీ మిగిలింది. అటు పెద్దమ్మగుడి, దుర్గంచెరువు, యూసుఫ్‌గూడ. ఇటు మూసారాంబాగ్, మలక్‌పేట్, నాంపల్లి. గుడి, చెరువు, గూడెం, తోట, పేట అన్నీ ఉన్నాయి. కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు ఊరు తెలియదు. రోడ్డు మీద వెళ్తే ఒక ఫ్లైఓవర్ కింద ఇంకో ఫ్లైఓవర్, అంతే. మెట్రో ఎక్కాక ‘తదుపరి స్టేషన్’ అంటూ ఒక్కొక్క పేరూ తెలుగులో వినిపించేది. అక్షరాలు దిద్దుకున్నట్టు ఊరిని ఆ పేర్లతో నేర్చుకున్నాను. మీరు చెప్పిన ఆఫీసుల పేర్లకి కూడా అర్థముంది. ఈఎస్ఐ హాస్పిటల్ అంటే ఫ్యాక్టరీ కార్మికులకి వైద్యం దొరికే చోటు. గాంధీ హాస్పిటల్ అంటే ఎక్కడెక్కడి జిల్లాల నుంచో రోగులు వచ్చే చోటు. జబ్బుమనిషిని తీసుకొచ్చినవాడికి ఆ బోర్డు చూస్తే ఎంత ధైర్యం! రాజమండ్రి బోర్డు మాత్రం? 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అని మార్చారు. ఇప్పటికీ టికెట్టు మీద ఆర్‌జేవై అనే మూడు అక్షరాలే.

అన్నయ్య: పేర్ల దగ్గర నువ్వే గెలిచావనుకో. ఇంకొకటి అడుగుతాను. ఆ పేర్లలో పాతబస్తీ పేర్లు ఎన్ని? చార్మినార్ ఏదీ? ఫలక్‌నుమా ఏదీ? జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అని మొదట్లో గీసిన గీత ఎంజీబీఎస్ దగ్గర ఎందుకు ఆగింది?

అమ్మాయి: ఆగింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా బళ్లు మొదలయ్యాయి, అక్కడితో సరి. ఆ ముందరి దారి ఇరుకు. ఇళ్లు, దుకాణాలు పోతాయి. మసీదులూ గుళ్లూ ఉన్నాయి. చివరికి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు.

అన్నయ్య: ఇరుకు కాబట్టే అక్కడ మెట్రో కావాలి. విశాలమైన రోడ్డున్నవాడికి బస్సైనా నడుస్తుంది. నేను ఇంజనీర్లని తప్పుపట్టను. మీ మెట్రో స్టేషన్లు కట్టిన తీరు చూసి మెచ్చుకున్నాను కూడా. రోడ్డు నడిమి డివైడరు మీద ఒకే వరస స్తంభాలు, వాటి మీద కొంగ రెక్కలు చాచినట్టు స్టేషను. పక్కల స్థలం ఎక్కువ తినకుండా కట్టారు. అంత తెలివి ఉన్నవాళ్లు పాతబస్తీ దాకా ఎందుకు వెళ్లలేకపోయారని నా బాధ. మాస్కోలో 1935లో మెట్రో తెరిచినప్పుడు స్టేషన్లని పాలరాతితో, షాండ్లియర్లతో కట్టారట. కూలిపని చేసేవాడు కూడా రాజభవనంలో నిలబడ్డట్టు ఉండాలని. స్టేషను ముందుగా ఎవరికి కడతావో చూస్తే, ఊరు ఎవరిదనుకుంటున్నావో తెలిసిపోతుంది.

అమ్మాయి: ఆ మాట మన కోనసీమకీ వర్తిస్తుందిగా. అమలాపురానికి రైల్వే స్టేషను ఏదీ?

అన్నయ్య: పుండు మీద చెయ్యేశావు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేశారు. 1940లో యుద్ధం కోసం పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ బండి వచ్చింది 2004లో. అరవై నాలుగేళ్లు! ఆ మధ్యలో పుట్టి, పెద్దవాళ్లై, పోయినవాళ్లు కూడా ఉన్నారు. ‘ఇక్కడ స్టేషను ఉండేదిట’ అని విన్నారేగానీ చూడలేదు. తిరిగొచ్చినప్పుడు ఒంటిపెట్టె రైలుబస్సు నడిపారు. అక్కడి నుంచి నరసాపురం దాకా లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. ఏట్లో స్తంభాలు లేచాయి. వాటి మీద బండి ఇంకా రాలేదు. స్టేషను లేకపోతే ఊరికి ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల చదువు, రోగి వైద్యం, కొబ్బరికాయ ధర, అన్నీ వంతెన కోసం ఎదురుచూస్తాయి.

అమ్మాయి: చూశారా, ఇప్పుడు మీరే ఎదురుచూపుకి ఎదురు తిరిగారు!

అన్నయ్య: బండి కోసం గంట చూడటం వేరు, బండి వస్తుందో రాదో తెలియక పాతికేళ్లు చూడటం వేరు.

అమ్మాయి: గంటైనా, పాతికేళ్లైనా, చూసేవాడికి వేరే దారి లేనప్పుడు అది ఒకటే పెదనాన్నా.

అన్నయ్య: సరే, దారి సంగతే అడుగుతాను. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. మెట్రోకి డబ్బులివ్వాలి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ మెట్రో ఎక్కుతుందా?

అమ్మాయి: ఎక్కదు. మా స్టేషను కిందే బస్సు కోసం నిలబడుతుంది. ఒక్కోసారి నేను మెట్లెక్కుతుంటే కనిపిస్తుంది. నేను డబ్బులిచ్చి గంట కొనుక్కుంటున్నాను, ఆవిడ గంట ఇచ్చి డబ్బులు మిగుల్చుకుంటోంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే బస్సు వద్దనలేను, మెట్రో వద్దనలేను. ఆవిడ కూడా ఆ మెట్లెక్కగలగాలి, అంతే నేను కోరేది.

అన్నయ్య: మెట్లు ఎక్కడం సంగతి సరే, దిగడం సంగతి చెప్పు. నేను కళ్లారా చూసింది అదే. పైన అద్దంలా ఉంది. మెట్లు దిగి కింద కాలు పెడితే ఫుట్‌పాత్ లేదు. ఉన్న కాస్తా బళ్లు పెట్టేశారు. వానపడి నీళ్లు నిలిచాయి. మీ ఇంటికి కిలోమీటరు నడవాలి. ఆ కిలోమీటరులో మీ పెద్దమ్మ మూడుసార్లు తూలింది. పైన అంత భద్రంగా చూసుకున్నవాళ్లు కింద ఎందుకు వదిలేశారు?

అమ్మాయి: అది నాకు రోజూ ఉన్నదే. రాత్రి పదింటికి అమీర్‌పేటలో భయం లేదన్నాను కదా. ఆ భయం నా స్టేషను మెట్ల కింద కాచుకుని ఉంటుంది. చివరి గల్లీలో దీపం వెలగని రోజు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడుస్తాను. బండి పెట్టుకుందామంటే అదీ ఖర్చే. 2024లో నాగోల్, మియాపూర్‌లలో పార్కింగుకి రుసుము అన్నప్పుడు ప్రయాణికులు నిరసన చేశారు. కానీ పెదనాన్నా, ఫుట్‌పాత్ మెట్రోవాళ్లది కాదు. రోడ్డు ఒకరిది, దీపం ఒకరిది, బస్సు ఒకరిది.

అన్నయ్య: మన తాతగారు పడవలో తిరిగిన రోజుల సంగతులు చెప్పేవారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తిచేశాక, కాలవలు పొలాలకి నీళ్లూ ఇచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం, మూడు చోట్లా తలలాకులు. లాకు దగ్గర పడవ ఆగాల్సిందే. ముందూ వెనకా తలుపులు మూసి, నీళ్లు వదిలి, పడవ పై మట్టానికి లేచేదాకా. ఆ ఆగిన కాసేపటికీ అక్కడ ఏముండాలో ఊళ్లవాళ్లు ఆలోచించారు. చెట్టు నీడ, సత్రం, వంట చేసుకోవడానికి గట్టు, మజ్జిగ అమ్మేవాడు. కాలవ సర్కారుది, సత్రం ధర్మాత్ముడిది, మజ్జిగ ఊరివాడిది. ఎవరిది ఏదైనా పడవ దిగినవాడికి లోటు ఉండేది కాదని చెప్పేవారు.

అమ్మాయి: మా అమీర్‌పేట అలాంటి లాకే. రెండు దారులు ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటాయి. ఎల్.బి.నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లం ఎస్కలేటర్ ఎక్కి రాయదుర్గం బండి మట్టానికి చేరతాం. పొద్దున్న తొమ్మిదింటికి చూడాలి మీరు, గోదావరిలో వరదనీళ్లు మళ్లినట్టు జనం. అక్కడ ఎవరూ ఆగరు, నిజమే. ఆగితే వెనకవాళ్లు ఇబ్బంది పడతారు. ఒక్కోసారి కడుపులో బాగా లేకపోయినా, ఏడుపొచ్చినా, పక్కకి జరిగి కాసేపు కూర్చోవడానికి చోటు వెతుక్కోవాలి. లోపల ఎక్కువసేపు ఉంటే టికెట్టు గడువు దాటుతుందన్న బెంగ ఒకటి. మీ రావిచెట్టు కింద బల్ల లాంటిది అక్కడ ఒకటుంటే... అది మాత్రం నేను కోరుకుంటాను. కూర్చోక తప్పని బల్ల కాదు, కావాలంటే కూర్చునే బల్ల.

అన్నయ్య: ఆ తేడా బాగా చెప్పావు. అయితే ఇప్పుడు మా రైల్వే మాట ఒకటి చెప్తాను. స్టేషను అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

అమ్మాయి: ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా.

అన్నయ్య: కాదు. బండి ఊరి బయట ఆగిపోతే ‘ఔటర్‌లో ఆపేశారు’ అని అందరూ విసుక్కుంటారే, ఆ ఔటర్ నుంచి అవతలి ఔటర్ దాకా స్టేషన్ లిమిట్స్. ప్లాట్‌ఫారం అందులో చిన్న ముక్క. ఆ హద్దుల్లో బండి ఎక్కడున్నా ఆ డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టరుదే పూచీ. పట్టా విరిగినా, గేటు పడకపోయినా, ఆవు అడ్డొచ్చినా ‘నా ప్లాట్‌ఫారం బాగానే ఉందండీ’ అంటే ఊరుకోరు.

అమ్మాయి: బండికి ఔటర్ ఉంది. ప్రయాణికుడికి?

అన్నయ్య: వాడి ఇంటి గుమ్మం. అక్కడ బయలుదేరినప్పటి నుంచి చేరాల్సిన గుమ్మం చేరేదాకా వాడు స్టేషన్ లిమిట్స్‌లోనే ఉన్నట్టు. మీ పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, మావి 1676. మా బండి మీ లైనెక్కదు, మీ బండి మా లైనెక్కదు. మనిషి మాత్రం ఒక్కడే. రేపు తెల్లారి సికింద్రాబాద్‌లో మా బండి దిగి, సంచులు మోసుకుంటూ రోడ్డు మీద పడి, మీ స్టేషను వెతుక్కునేది నువ్వే. ఆ రెండు స్టేషన్ల మధ్య నడకకి పూచీ ఎవరిది?

అమ్మాయి: అన్నిటికీ మెట్రో పూచీ పడితే పని నడవదు పెదనాన్నా. మీకు ఒక మాస్టరు ఉండేవాడు, ఒక పుస్తకం ఉండేది. ఊరికి అలాంటి ఒక్క మాస్టరు లేడు.

అన్నయ్య: లేడు. అందుకే స్టేషన్ కట్టేముందు కూర్చుని మాట్లాడుకోవాలి. మొదటి స్తంభం గుంట తవ్వేముందే మెట్ల కింద నడక ఎవరిది, నీడ ఎవరిది, దీపం ఎవరిది, బస్సు ఎక్కడ ఆగుతుందో కాగితం మీద రాసుకోవాలి. విశాఖపట్నానికి, విజయవాడకి మెట్రో అంటున్నారు. స్తంభాలు ఇంకా లేవలేదు కాబట్టి ఇప్పుడే చెప్పాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని స్టేషన్లు అని పేపర్లో వేస్తున్నారు. మెట్లు దిగాక ఎంత నడక అన్నది కూడా వెయ్యమను.

అమ్మాయి: ఆ మాటకి నా సంతకం పెడతాను. నా మాటకి మీరు కూడా పెట్టాలి. బండ్లు దండిగా ఉండాలి. ఎవరూ దిక్కులేక ఎదురుచూడకూడదు. స్టేషన్ మాస్టరు మంచివాడైనా, కాకపోయినా ఆడపిల్ల ఇంటికి చేరాలి.

(అన్నయ్య తలూపాడు. మాట అనలేదు. మైకులో గౌతమి వస్తోందన్నారు. ప్లాట్‌ఫారమంతా ఒక్కసారి లేచి నిలబడింది. గోదావరి బ్రిడ్జి వైపు వెళ్లాల్సిన బండి, పెట్టెల్లో అప్పటికే కిక్కిరిసిన జనంతో వచ్చి ఆగింది. అన్నయ్య అరిసెల సంచి తనే మోసుకెళ్లి బెర్తు కింద సర్ది దిగాడు.)

అన్నయ్య: దిగాక ఫోను చెయ్యమ్మా. సికింద్రాబాద్‌లో దిగాక కాదు.

అమ్మాయి: గుమ్మంలో అడుగుపెట్టాక చేస్తాను పెదనాన్నా. ఔటర్ దాటాక.

బండి కదిలింది. ఆఖరి పెట్టె ఎర్రదీపం కనుమరుగయ్యేదాకా అన్నయ్య అలవాటు ప్రకారం నిటారుగా నిలబడ్డాడు. కాసేపటికి బ్రిడ్జి మీంచి ఆ చప్పుడు సన్నగా వినిపించింది. 1900లో మొదటి వంతెన తెరిచేదాకా ఈ ఏటిని పడవ మీద దాటి, అవతలి గట్టున మళ్లీ బండెక్కేవారట. దాటలేని రోజు ఈ గట్టునే ఉండిపోయేవారు. వాళ్లకి ఎవరో అన్నం పెట్టే ఉంటారు. వంతెన మాత్రం వాళ్లకోసం ఇంకా లేదు.

మెట్లు ఎక్కి బయటికి వస్తుంటే అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపటి నుంచి లోపల పెట్టుకున్న మాట అప్పుడన్నాడు.

“ఆవిడకి ఆ రాత్రి ఇంకో బండి ఉంటే బాగుండేదిరా.”